మొదటి ఆమేన్

ఆ చర్చిలో పాస్టరుగారు ఎంత గొంతు చించుకుని ప్రార్థించినా, ఆమేనత్త నోరు విప్పేదాకా ఆ ప్రార్థన పైకప్పు దాటదని జనం నమ్మకం. మరీ నమ్మకం అని కాదు, సగం వేళాకోళం. మునుపటి పాస్టరుగారికి ఆయాసం ఉండేది. ప్రార్థన మధ్యలో ఊపిరి కోసం ఆగేవాడు. అయిపోయింది కాబోలనుకుని జనం "ఆమేన్" అనేసేవాళ్ళు. ఆయన కళ్ళు తెరిచి, "ఇంకా రోగుల దగ్గరే ఉన్నానయ్యా, ప్రయాణికుల దగ్గరికి రాలేదు" అని కసురుకునేవాడు. గోడవారగా కూర్చునే కుట్టుపని ఆవిడ ఒక్కతే ఎప్పుడూ పొరబడేది కాదు. ఆయన ఆగింది దమ్ము కోసమో, నిజంగా ముగిసిపోయో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. దాంతో ఆమెకు ఆమేనత్త అని పేరు పెట్టి, అందరూ ఆమె మీద భారం వేసి నిశ్చింతగా కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టారు. ముందు ఆమె అంటుంది, ఆ వెనకే సంఘమంతా అంటుంది. అందరూ అన్నాక, చెవులు వినబడని గునపం తాత పక్కవాళ్ళ పెదాలు చూసి తాపీగా, ఒంటరిగా "ఆమేన్" అంటాడు. పిల్లలు కిసుక్కుమంటారు. అప్పటికి ప్రార్థన ముగిసినట్టు లెక్క.

ఆ పాస్టరుగారు పోయి ఈ పాస్టరుగారు వచ్చినా ఆనవాయితీ మాత్రం పోలేదు. సంఘం ఏ పని తలపెట్టినా అక్కడ చేతులెత్తడాలూ ఓట్లేయడాలూ ఉండవు. చేయబోయే పనిని ప్రార్థనలో దేవుడికి చెప్పుకుంటారు. సంఘం ఆమేన్ అంటే ఒప్పుకున్నట్టే. పైకప్పు రేకులు మార్చినా, బడిలో కొత్త టీచర్ని పెట్టుకున్నా అదే పద్ధతి. అనకుండా ఊరుకోవచ్చన్న ఆలోచన ఎవరికీ వచ్చిన పాపాన పోలేదు.

ఆ బుధవారం మధ్యాహ్నం ఆమేనత్త నోటి నిండా గుండుసూదులు ఉన్నాయి.

పాస్టరుగారు తన ఇంటి ముందుగదిలో ముక్కాలిపీట ఎక్కి నిలబడ్డారు. ఒంటి మీద కొత్త నిలువుటంగీ. మీగడ రంగు పట్టు, అంచున వేలెడు వెడల్పు జరీ. గుడ్డ పంపింది ఎన్నికల్లో నిలబడ్డ నాయకుడు. చర్చికి కొత్త గంట గోపురం కట్టించిందీ ఆయనే. ఆదివారం గోపుర ప్రతిష్ఠ, దాని వెనకే ఎన్నికలు. ఆమేనత్త నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని అంగీ అడుగు మడుస్తూ, ఒక్కో సూదీ పెదాల మధ్య నుంచి తీసి గుచ్చుతోంది. కిందటిసారి కొలతలకూ ఇప్పటికీ పాస్టరుగారి నడుము బాగానే ముందుకొచ్చింది. ఆ సంగతి ఆయనతో అనకుండా పక్క కుట్టులో కాస్త గుడ్డ వదిలిపెట్టింది. మనిషి పరువు కాపాడటం కూడా కుట్టుపనిలో భాగమేనని ఆమె ఉద్దేశం.

"ఆదివారం ప్రార్థన ఒకసారి చదువుకుంటానత్తా, మీ పని మీరు కానివ్వండి" అన్నారాయన. కాగితం కూడా లేదు. కంఠతా పట్టేశారు. కళ్ళు మూసుకుని చేతులు చాచారు. చేతులు చాచగానే అడుగంచు జానెడు పైకి లేచింది. కదలొద్దని ఆమె ఆయన మడమ మీద తట్టింది. ఆయన గమనించే స్థితిలో లేరు.

"ప్రభువా, ఈ గోపురాన్ని కట్టించిన నీ సేవకుణ్ణి, మా ప్రియతమ నాయకుణ్ణి దీవించు. రాబోయే ఎన్నికల్లో అతని చేతిని బలపరచు. అతను చేసిన మేలుకు కృతజ్ఞతగా, సమాధుల తోట వెనక ఖాళీగా పడివున్న స్థలాన్ని ప్రజాసేవ కోసం అతని చేతికి అప్పగిస్తున్నాం. ఇది నీ చిత్తమని సంఘమంతా ఒప్పుకుంటున్నాం..."

ఆమేనత్త చెయ్యి ఆగిపోయింది. "ఖాళీగా" అన్న మాట ఆమె చెవిలో పడి, అక్కడే నిలిచిపోయింది.

పాస్టరుగారు ముగించి, అలవాటుకొద్దీ ఆగారు. ఆమేన్ రాలేదు. ఒక కన్ను తెరిచి కిందికి చూశారు. నోటి నిండా సూదులతో ఆమె ఆయన్నే చూస్తోంది. ఆయన పకపకా నవ్వారు. "నిజమే పాపం! ఆదివారం మాత్రం సూదులు ఇంటి దగ్గర పెట్టి రండత్తా."

ఆమె సూదులన్నీ ఒక్కొక్కటిగా తీసి సూదుల దిండుకు గుచ్చి, మాట్లాడటానికి నోరు ఖాళీ చేసుకునేసరికి ఆయన ఫోను మోగింది. "సార్, సార్, చెప్పండి సార్" అంటూ పాస్టరుగారు పీట దిగి, సగం గుచ్చిన అంగీతోనే లోపలికి వెళ్ళిపోయారు. అంత భక్తిగా ఆయన దేవుణ్ణి పిలవగా ఆమె ఎప్పుడూ వినలేదు.

*

ఇంటికి వెళ్ళే దారి వదిలి ఆమె సమాధుల తోటలోకి నడిచింది. ముందువైపు చలువరాళ్ళు, రాళ్ళ మీద పేర్లు, పేర్ల చుట్టూ చెక్కిన పూలు. నడవగా నడవగా రాళ్ళు చిన్నవయ్యాయి, ఆ తర్వాత సిమెంటు దిమ్మెలు, ఆ తర్వాత ఏమీ లేదు. గడ్డి, ఎత్తుపల్లాల నేల. మొదట్లో ఎవరికి తోచిన గుర్తు వాళ్ళు పెట్టుకున్నారు. ఇటుకముక్క, బోర్లించిన కుండీ, సీసా. వానలొచ్చి కొన్నింటిని, పశువులొచ్చి కొన్నింటిని పట్టుకుపోయాయి. వెనక గోడకు అవతల కొత్తగా వేసిన పెద్ద రోడ్డు ఉంది. మొన్నటిదాకా ఎవరికీ పట్టని ఆ మూలకు రోడ్డు వచ్చాకే విలువ వచ్చింది.

అక్కడ ఇద్దరు మనుషులు తాడు లాగి మేకులు పాతుతున్నారు. గునపం తాత కాస్త దూరంలో గొంతుక్కూర్చుని వాళ్ళను చూస్తున్నాడు. ఆ నేలలో గుంటలన్నీ తవ్వింది అతనే. వాళ్ళేం చేస్తున్నారో ఎవరూ అతనికి చెప్పలేదు. చెప్పినా వినబడదని అందరికీ ధీమా.

"బాబూ, అక్కడ మనుషులున్నారు" అంది ఆమె.

సుత్తి పట్టుకున్న కుర్రాడు ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. "ఎక్కడమ్మా?"

"నువ్వు మేకు పాతిన చోటే."

"రాయి లేదేంటమ్మా మరి? ఖాళీ స్థలమనే చెప్పారు మాకు. షాపులు, పైన పార్టీ ఆఫీసు." కుర్రాడు మంచివాడే. నొచ్చుకుని మేకు పీకి, మర్యాదగా రెండడుగులు పక్కకు జరిపి పాతాడు. అక్కడ బడిలో గంట కొట్టే ఆయా ఉంది. ఆమెకు ఆఖరి గుడ్డ కుట్టింది ఆమేనత్తే. ఆ గడ్డి కింద పడుకున్నవాళ్ళలో చాలామందికి ఆమే కుట్టింది. వాళ్ళెవరూ కూలి ఇచ్చుకోలేదు, ఆమె అడగనూ లేదు. అందరికంటే ముందు కుట్టింది తన పెద్దదానికి. ఏడాది నిండని పిల్ల. జాకెట్లు కుట్టగా మిగిలిన తెల్లగుడ్డతో చిన్న గౌను కుట్టింది. గుండీలు పెట్టే వ్యవధి లేక దారంతో ముడేసింది. ఆ ముడి సరిగా పడిందా లేదా అన్న దిగులు ఇన్నేళ్ళయినా ఆమెను వదల్లేదు. ఆ పిల్ల పక్కనే పిల్ల తండ్రి.

ఆమె గునపం తాత దగ్గరికి వెళ్ళి, తాడును చూపించి, చేత్తో నేలను ఊడ్చేసినట్టు సైగ చేసింది. అతనికి అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడి, తల మీది తుండు తీసి భుజాన వేసుకున్నాడు. ఎవర్నైనా పూడ్చేటప్పుడు అతను చేసే పని అదే.

*

కొడుకు మైకుసెట్టు అద్దెకిస్తాడు. ఆ సాయంత్రం బాక్సులకు పట్టిన దుమ్ము తుడుస్తూ, తనలో తనే ఈలవేస్తూ హుషారుగా ఉన్నాడు.

"అమ్మా, ఎన్నికల మీటింగులన్నీ మనకే ఇస్తారట! పాస్టరుగారే చెప్పించారు. ఈ డొక్కు బాక్సులు అవతల పారేసి కొత్తవి కొందాం. నీ మిషను కూడా మారుద్దాం, అది కుడుతుందో ఏడుస్తుందో తెలియట్లేదు."

ఆమె తోట సంగతి చెప్పింది. కొడుకు చేతిలో గుడ్డ ఆగింది.

"నాకు తెలుసమ్మా" అన్నాడు.

"తెలుసా?"

"మొన్న విన్నాను. నీకెలా చెప్పాలో తోచలేదు. చూడు, నాన్నని నేను మర్చిపోతానా? కానీ ఆయన అక్కడ ఉన్నాడనుకుని మనం బతకట్లేదు కదా. ఉన్నవాళ్ళం మనం. మనం తినాలి."

"మరి అక్క?"

"అక్కని నేను చూడనేలేదమ్మా."

"చూడకపోయినా అక్కేరా."

కొడుకు విసురుగా గుడ్డ పక్కన పడేశాడు. "నువ్వొక్కదానివి ఆమేన్ అనకపోతే ఏమవుతుంది? ముందు రెండు వరుసలూ నాయకుడి మనుషులే. వాళ్ళంటారు. తోట పోనే పోతుంది, నా పనీ పోతుంది. రెండూ పోగొట్టుకుని ఏం బావుకుంటాం? ఒక్క మాట అమ్మా. ఒక్క మాట అనేసి ఇంటికి రా."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే ఆమెకు మరీ ఒళ్ళు మండింది. మిషను ముందు కూర్చుని చక్రం గిర్రున తిప్పింది. దారం తెగింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ ఎక్కించింది.

*

శుక్రవారం అంగీ పూర్తయింది. జరీ అంచు కుట్టేటప్పుడు ఒక పాడుబుద్ధి పుట్టింది ఆమెకు. నడుము దగ్గర వదులు కుట్టు వేస్తే చాలు, సరిగ్గా చేతులు చాచే వేళకు పాస్టరుగారి సంగతి తేలిపోతుంది. ఊహించుకుని ఒక్కత్తే నవ్వుకుంది కూడా. కానీ కుట్టు మీద కోపం చూపించడం ఆమెకు చేతకాదు. రెట్టింపు కుట్టు వేసి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పట్టుకెళ్ళింది.

పాస్టరుగారు తొడుక్కుని అద్దంలో ముందూ వెనకా చూసుకుని మురిసిపోయారు. అదే అదనని ఆమె అడిగింది.

"అయ్యగారూ, మీ ప్రార్థనలో ఒక్క వాక్యం తీసేయండి. ఆ తోట మాట."

అద్దంలో ఆయన మొహం మారింది. వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చున్నారు. పట్టు నలుగుతుందన్న ధ్యాస కూడా లేదు.

"వాన పడితే చర్చిలో బకెట్లు పెట్టిందెవరత్తా? నేనూ నా భార్యా. గొప్పవాళ్ళ గడపలన్నీ తొక్కాను. ఒక్కడు పలకలేదు. ఇవాళ ఒకాయన అడక్కుండా గోపురమే కట్టించి ఇస్తే, నా చెయ్యి వెనక్కి తీసుకోమంటారా?"

"అడక్కుండా ఎక్కడిచ్చాడండీ? అడిగాడుగా, తోట."

"అది ఖాళీ..." అనబోయి ఆమె మొహం చూసి ఆపేశారు. గొంతు తగ్గించారు. "పునరుత్థానం నాడు ప్రభువు పిలిస్తే ఎక్కడున్నవాళ్ళైనా లేస్తారు. షాపుల కింద ఉన్నా లేస్తారు. మీకు తెలియందా?"

"లేస్తారండీ. లేచి మనల్ని చూస్తారు. అప్పుడు మన మొహాలు ఎక్కడ పెట్టుకుందాం?"

"మీ అబ్బాయికి మంచి అవకాశం ఇప్పించాను. కాలదన్నుకోకండి" అన్నారు పాస్టరుగారు కటువుగా. ఆమె చేతిసంచీ తీసుకుని లేచింది. గుమ్మం దాటుతుంటే ఆయన వెనక నుంచి, కాస్త మెత్తబడి, "అంగీ చాలా బాగా కుదిరింది" అన్నారు. నిజంగానే బాగా కుదిరింది. అదే ఆమె బాధ.

*

ఆదివారం చర్చి కిటకిటలాడింది. పీఠం పక్కన, ఎప్పుడూ పూలకుండీ ఉండే చోట, మెత్తటి సోఫా వేశారు. అందులో నాయకుడు కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ముందు రెండు వరుసల్లో తెల్లచొక్కాలు. ఇన్నాళ్ళూ ఆ వరుసల్లో కూర్చున్న ముసలివాళ్ళు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. వీడియో తీసేవాళ్ళు ఇద్దరు అటూ ఇటూ తిరుగుతున్నారు. పైన కొత్త గంట మోగింది. ఎంత గట్టిగా మోగిందంటే పసిపిల్లలు జడుసుకుని ఏడుపందుకున్నారు.

ఆమేనత్త తన చోటికి వచ్చేసరికి బల్ల ముందు ఒక మైకు నిలబెట్టి ఉంది. కొడుకు వంగి దాని వైరు బల్ల కిందికి తోస్తున్నాడు.

"ఇదెందుకురా?"

"వీడియోలో సంఘం ఆమేన్ గట్టిగా వినబడాలట. నీ నుంచే మొదలవుతుందని పాస్టరుగారు ఇక్కడ పెట్టమన్నారు." అతను తల ఎత్తలేదు. మైకు ఎత్తు సరిచేశాడు, ఆమె నోటికి సరిగ్గా ఎదురుగా. చిన్నప్పటి నుంచీ చూసిన నోరు, కొలత అక్కర్లేదు. "అమ్మా..." అని ఏదో అనబోయి, మానేసి, పక్కగోడ దగ్గర తన మైకు మిషన్ల వెనక్కి వెళ్ళిపోయాడు.

పాటలు అయ్యాయి, ప్రసంగం అయింది. నాయకుడు లేచి, తనకు దేవుడంటే చిన్నప్పటి నుంచీ ఎంత ప్రేమో చెప్పాడు. తెల్లచొక్కాలు చప్పట్లు కొట్టారు. చర్చిలో చప్పట్లు కొట్టొచ్చో లేదో తెలియక మిగతావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు పాస్టరుగారు పీఠం ముందుకు వచ్చి చేతులు చాచారు. అంగీ అంచు ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా లేచింది.

ప్రార్థన అంతా బుధవారం విన్నదే. సేవకుణ్ణి దీవించు. చేతిని బలపరచు. ఖాళీగా పడివున్న స్థలాన్ని అప్పగిస్తున్నాం. ఆ మాట దగ్గర గోడవార నిలబడ్డ ముసలివాళ్ళలో కదలిక పుట్టింది. ఎవరో గట్టిగా ఊపిరి తీశారు. "సంఘమంతా ఒప్పుకుంటున్నాం" అని పాస్టరుగారు ముగించారు.

ఆగారు.

ఆమేనత్త నోరు మూసుకునే ఉంది.

అలవాటు ఎంత చిత్రమైందో అప్పుడు తెలిసింది. చర్చి నిండా ఉన్న అన్ని నోళ్ళూ ఆమె నోటి కోసం ఎదురుచూశాయి. తెల్లచొక్కాలకు అక్కడి పద్ధతి తెలియదు. సంఘం అన్నాక అందామని వాళ్ళూ ఆగారు. గునపం తాత పెదాల కోసం వెతికాడు. ఎవరి పెదాలూ కదలకపోయేసరికి అతనూ ఊరుకున్నాడు. వీడియో అబ్బాయి ఆమె మొహానికి దగ్గరగా వచ్చాడు. బాక్సుల్లోంచి ఆమె ఊపిరి ఒక్కటే వినబడుతోంది.

పాస్టరుగారు దగ్గారు. "సంఘమంతా ఒప్పుకుంటున్నాం" అని మళ్ళీ అన్నారు, ఈసారి ఆమెనే చూస్తూ. పాత పాస్టరుగారైతే దమ్ము కోసం ఆగారని సరిపెట్టుకునేది. ఈయన ఆగింది దేనికోసమో ఆమెకు బాగా తెలుసు. పెదాల మధ్య ఇంకా సూదులు పట్టుకున్నట్టే కూర్చుంది.

నిశ్శబ్దం సోఫా దాకా పాకింది. ఇదేదో తన వంతు కాబోలనుకుని నాయకుడు గొంతు సవరించుకుని, పక్కనున్న మైకులో, "ఆమేన్" అన్నాడు.

ఒక్కడే. బాక్సుల్లో ఆ మాట ఖంగుమని మోగి, వెనక గోడకు తగిలి, తిరిగి ఆయన దగ్గరికే వచ్చింది. వెనక వరుసలో ఒక పిల్ల కిసుక్కుమంది. ఆ పిల్లకు గునపం తాత గుర్తొచ్చి ఉంటాడు.

ఆమేనత్త లేచి నిలబడింది. బల్ల పట్టుకుంది. కళ్ళు మూసుకోలేదు. ఆ రోజు ఆమెకు కళ్ళు మూసుకోవాలనిపించలేదు.

"ప్రభువా, నాకు గొప్పగా చెప్పడం రాదు. వెనక స్థలం ఖాళీ కాదు. బడి గంట కొట్టిన ఆయా ఉంది అక్కడ. ఈ గోడలు కట్టి, ఆ గోడల మీద నుంచే పడిపోయిన మేస్త్రీ ఉన్నాడు..."

పాస్టరుగారు పక్కగోడ వైపు తిరిగి, మైకు ఆపెయ్యమని చేత్తో కోసినట్టు సైగ చేశారు. ఒక తెల్లచొక్కా లేచి కొడుకు దగ్గరికి వడివడిగా నడిచాడు. కొడుకు చెయ్యి మీట మీదే ఉంది. తల్లి వైపు చూశాడు. తల్లి అతని వైపు చూడలేదు.

"...నా ఇంటాయన ఉన్నాడు. నా పెద్దది ఉంది. దానికి గుండీలు కూడా కుట్టలేదు నేను. ఇదిగో, నా కొడుక్కి అక్క అది..."

కొడుకు మీట తిప్పాడు. ఆమె గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. చర్చిలోంచి, కిటికీల్లోంచి, కొత్త గోపురానికి కట్టిన హారన్లలోంచి ఆ గొంతు రోడ్డు దాకా వెళ్ళింది. మీద పడబోయిన తెల్లచొక్కాను కొడుకు మోచేత్తో అడ్డుకుని, మీటను ఒంటితో కమ్ముకుని నిలబడ్డాడు.

"రాయి లేనంత మాత్రాన మనిషి లేకుండా పోడు. గోపురం నీ ఇంటికి ముచ్చటే. కావాలంటే ఇటుక ఇటుకా విప్పి ఆయనకు తిరిగిచ్చేస్తాం. తోట మాత్రం ఎవరికీ ఇవ్వం. ఇదీ సంఘం మాట."

ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, తన ప్రార్థనకు తనే ఆమేన్ అనకూడదని. ఇన్నేళ్ళూ అందరికీ అంది, తనకెవరంటారో ఎన్నడూ ఆలోచించలేదు. ఎవరూ అనకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. కూర్చుని, ఇంటికి పోయి, పాత మిషను మీద బతుకుతుంది. ఆ ఆలోచనతో ఎక్కడలేని ధైర్యం వచ్చింది ఆమెకు. తల ఎత్తి పాస్టరుగారి కళ్ళలోకి చూసింది. ఆయన చూపు దించుకున్నారు. చాచిన చేతులు ఎప్పుడో కిందికి దిగిపోయి, పట్టు మడతల్లో కనబడకుండా ఉన్నాయి.

"ఆమేన్."

మైకులో కాదు. పక్కగోడ దగ్గర నుంచి, చొక్కా చిరిగి, ఎగశ్వాసతో, కొడుకు అన్నాడు.

ఆ వెనకే గోడలకు ఆనుకున్న ముసలివాళ్ళు అన్నారు. బల్లల మీదివాళ్ళు అన్నారు. కొందరు గట్టిగా, కొందరు సోఫా వైపు భయంగా చూస్తూ గొణిగినట్టు, కానీ అన్నారు. నాయకుడు లేచి ఎవరికీ చెప్పకుండా పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. తెల్లచొక్కాలు ఆయన వెంట పడ్డాయి. బల్లలు చప్పుడు చేశాయి, కార్లు చప్పుడు చేశాయి. ఆ తర్వాత చప్పుడంతా అణిగింది.

గునపం తాత ఆ పెదాలూ ఈ పెదాలూ చూసుకుని, ఖాయం చేసుకుని, తల మీది తుండు తీసి భుజాన వేసుకున్నాడు. తాపీగా, ఒంటరిగా, "ఆమేన్" అన్నాడు.

ఈసారి పిల్లలెవరూ నవ్వలేదు.